ఐదో స్లైడు

బాణం గీసింది మజీదు. ఎర్రటి బాణం, లావుపాటిది. అది నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలై, పేటలోకి దిగకుండా, ఊరి వెనక నుంచి చుట్టు తిరిగి నిమ్మతోటలో ఆగింది. గీసి ఊరుకోలేదు వాడు, దానికి కదలిక పెట్టాడు. వేలితో తాకితే బాణం ట్యాంకు దగ్గర పుట్టి, మెల్లగా పాకుతూ పోయి తోటలో తల దూర్చేది. ఐదో తరగతి పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తాకారు. తాకినవాళ్ళే మళ్ళీ వరసలో నిలబడ్డారు.

రత్నకుమారి టీచరు కూడా మొదట నవ్వింది. నీరు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో బాణాలతో చూపించమని చెప్పింది ఆమే. పిల్లలు అదే చేశారు. నవ్వు పెదాల మీద ఉండగానే స్లైడు మొత్తం ఇంకోసారి చూసింది. అప్పుడు నవ్వు పోయింది.

అది కారంపూడి అవతల పెదకుంటపాలెం ప్రాథమిక పాఠశాల. బడికి తాకితే పనిచేసే పెద్ద టీవీ ఒకటి వచ్చింది, దాంతోపాటు కొన్ని ట్యాబులు. చానా బళ్ళలో ఇవి బీరువాల్లో పడుకుంటాయి, పాడైతే ఎవరు కట్టాలి అనే భయంతో. రత్నకుమారి బీరువా తాళం తీయించింది. పిల్లల్ని గుంపులు చేసి, గుంపుకో ట్యాబు ఇచ్చి, ఊరి గురించి స్లైడులు తయారు చేయమంది. ఒక గుంపుకు పంటలు, ఒక గుంపుకు పండగలు, ఒక గుంపుకు నీళ్ళు. గుంపులు కూడా కావాలనే కలిపింది. నీళ్ళ గుంపులో పేట నుంచి మానస, ఊళ్ళో నుంచి లహరి, మసీదు వీధి నుంచి మజీదు. ముగ్గురికీ ఒకటే ట్యాబు. మోచేతులతో పొడుచుకుంటూ, ఒకరు టైపు చేసింది ఒకరు చెరిపేస్తూ, ఆఖరికి ఒకటిగా పని చేయడం నేర్చుకున్నారు. అది చూసి ఆమె మురిసిపోయింది. గురజాల నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. ఊరు ఎట్లాంటిదో ఆమెకు సగమే తెలుసు.

లహరి తండ్రి జయకృష్ణ ఆ బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్. చైర్మన్ కావాలంటే సొంత పిల్ల ఆ బడిలోనే చదవాలని రూలు. అందుకని నరసరావుపేట ప్రైవేటు స్కూల్లో ఉన్న పిల్లని తెచ్చి ఇక్కడ వేశాడు. ఆ పిల్ల ఈ బడికి వచ్చింది చదువు కోసం కాదు, నాన్న కుర్చీ కోసం. పాపం పిల్లకు ఆ సంగతి తెలియదు. దానికి బడి నచ్చింది, మానస నచ్చింది.

ఐదో స్లైడులో ఎడమ పక్కన మానస తీసిన ఫోటో: పేట కుళాయి ముందు ఖాళీ బిందెల వరస. కింద దాని వాక్యం, "మా పేటకు నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. ఒక్కోసారి రావు." కుడి పక్కన లహరి తీసిన ఫోటో: నల్ల పైపు మూతి నుంచి నిమ్మచెట్టు పాదులోకి దూకుతున్న నీళ్ళు. కింద లహరి వాక్యం, "మా తోటకు ఎండాకాలంలో కూడా నీళ్ళు ఆగవు. ఈ పైపు మా నాన్న వేయించాడు." మధ్యలో మజీదు బాణం.

పేట కోసం కట్టిన ట్యాంకు నుంచి జయకృష్ణ తోటకు పైపు పోయిందని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పైపు పూడ్చినవాళ్ళు పేటవాళ్ళే, కూలికి. తెలియడం వేరు. బొమ్మ గీసి, బాణం పెట్టి, టీవీలో చూపించడం వేరు. మొదటిది ఊళ్ళో బతకడం. రెండోదానికి ఊళ్ళో ఇంకా పేరు పెట్టలేదు.

ఆమె స్లైడు ముందు అట్లా నిలబడి ఉండగానే మజీదు అన్నాడు, "మేడమ్, ఎవురో లోపలికొచ్చారు."

టీవీ పైమూల చిన్న గుండ్రం ఒకటి వెలిగింది. అందులో ఏదో జంతువు బొమ్మ. పేరు తెలియనివాళ్ళు లింకు పట్టుకుని వస్తే ఆ యాప్ అట్లా ఒక జంతువును తగిలిస్తుంది. పిల్లలు నక్క అని కొందరు, కుక్క అని కొందరు వాదులాడుకున్నారు. ఇళ్ళ దగ్గర కూడా పిల్లలు పని చేసుకోవాలని ఆమె ఆ లింకును తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరు తెరిచినా చూడొచ్చు, ఎవరు తెరిచినా మార్చొచ్చు. పాస్‌వర్డులు పెడితే పేటలో ఒక్క తల్లి కూడా తెరవలేదని అట్లా వదిలేసింది. ఆ గ్రూపుకొక అలవాటు ఉంది. ఏం పెట్టినా జయకృష్ణ బొటనవేలు బొమ్మ పెట్టేదాకా ఎవరూ ఏమీ పెట్టరు. ఆయన పెట్టాక అందరూ పెడతారు. ఈ లింకుకు ఆయన ఇంతవరకూ ఏమీ పెట్టలేదు.

నల్ల పైపు ఫోటో చుట్టూ ఊదారంగు గీత వచ్చింది. ఎవరో దాని మీద వేలు పెట్టారన్నమాట. గీత అక్కడ చానాసేపు ఉంది. తర్వాత బాణం చుట్టూ వచ్చింది. పిల్లలకు ఆటగా ఉంది. దయ్యం, దయ్యం అని కేకలేశారు. గీత అక్కడి నుంచి పోయింది. ఎక్కడికి పోయిందా అని మజీదు స్లైడులు వెనక్కి తిప్పాడు. మొదటి స్లైడులో ఉంది. అక్కడ ముగ్గురి పేర్లూ మూడు రంగుల డబ్బాల్లో ఉన్నాయి. ఊదారంగు గీత లహరి పేరు చుట్టూ లేదు, మజీదు పేరు చుట్టూ లేదు. మానస పేరు చుట్టూ ఉంది.

ఏమీ చెరపలేదు. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. చెరిపేసి ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు.

హెడ్మాస్టరు అమర్నాథ్ గారు రెండు మాటల్లో తేల్చేశారు. ఆ స్లైడు తీసేయమన్నారు. రేపు తల్లిదండ్రుల సమావేశం, మండల విద్యాధికారి వస్తానన్నారు, ఈ గొడవ మనకెందుకన్నారు. పిల్లలు చేసింది తప్పు కాదు కదండీ అని ఆమె అడిగితే, తప్పని నేననలేదమ్మా, తీసేయమన్నాను అన్నారు. ఈ దేశంలో సగం పనులు ఆ ఒక్క వాక్యంతోనే ఆగిపోతాయి.

ఆమె తీసేయడానికే కూర్చుంది. ఫోను మోగింది. జయకృష్ణ.

జయకృష్ణ ఎప్పుడూ గొంతు పెంచడు. ముందు బడి బాగోగులు అడిగాడు. టీవీ బాగా పనిచేస్తోందా అన్నాడు. తర్వాత, పిల్లలు చేసింది చూశానని చెప్పాడు.

"అది తీసేస్తున్నానండి," అంది రత్నకుమారి.

"ఎందుకు మేడమ్? తీయమాకండి. ఉండనీయండి. రేపు అందరం కూసుని చూద్దాం."

"పిల్లలకు తెలియక..."

"పిల్లలకు తెలీదు. అది నాకూ తెలుసు. తెలిసినోళ్ళెవురో ఉంటారు గదా ఎనకాల. రేపు ఎవురు సప్పట్లు కొడతారో చూద్దాం."

ఫోను పెట్టేశాడు.

పల్నాడులో అన్నిటికీ ఒకడు వెనకాల ఉండాలి. వాన పడకపోవడానికి తప్ప. పిల్లలు వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసి, వాళ్ళ చేత్తో వాళ్ళు చేశారంటే ఇక్కడ ఎవడూ నమ్మడు. వెనకాల ఎవరు అన్నప్పుడు ఊళ్ళో అందరికీ గుర్తొచ్చేది ఒక్కడే. మానస తండ్రి ఏలియా. పోయిన ఎండాకాలం నరసరావుపేట పోయి, కలెక్టరాఫీసులో అర్జీల రోజున వరసలో నిలబడి, పేటకు నీళ్ళు రావడంలేదని కాగితం ఇచ్చి వచ్చాడు. నీళ్ళు రాలేదు. పేరు మాత్రం వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె బస్సు ఎక్కకుండా పేటకు పోయింది. ఏలియా ఇంట్లో లేడు. కల్లంలో ఉన్నాడని భార్య కరుణమ్మ చెప్పింది. కల్లమంటే జయకృష్ణ కల్లం. కౌలుకు చేసుకునేవాడికి మిరప పండించడానికి ఎవరిదో ఒక చేను దొరుకుతుంది, కోసిన కాయ ఆరబోసుకోవడానికి చదును చేసిన నేల దొరకదు. పేటలో సగం మంది కాయ జయకృష్ణ కల్లంలోనే ఆరుతుంది. ఆయన కాదనడు. అడగాలి, అంతే.

కల్లం నిండా ఎరుపు. ఏలియా కాళ్ళతో బాటలు తీస్తూ కాయను తిరగేస్తున్నాడు. పైపైన ఎండింది, లోపల ఇంకా మెత్తగా ఉంది. ఏడాది కష్టం అది. ఈ కాయ గుంటూరు యార్డుకు పోతే ఆ ఇంట్లో అన్నం. పోకపోతే ఆ ఇల్లు తాళం వేసుకుని ఏ హైదరాబాదు పక్కనో ఇటుక బట్టీకి పోతుంది. ఇందులో దాచిపెట్టేదేం లేదు.

ఆమె జరిగింది చెప్పింది. స్లైడు, బాణం, ఊదారంగు గీత, ఫోను. చెప్పి, కాయ ఇక్కడ ఉండటం మంచిది కాదేమో, ఇంకెక్కడికైనా మార్చుకుంటే మేలని కూడా అంది. మంచి మనసుతోనే అంది. మంచి మనసుతో చేసే చెడు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఏలియా కాళ్ళు ఆగాయి. అతనికి స్లైడంటే ఏంటో తెలియదు. ట్యాంకు, బాణం, తోట, ఈ మూడు మాటలు చాలు.

"మా పిల్లేనా గీసింది?"

"గీసింది మజీదు. పైపు ఫోటో తీసింది లహరి. మీ అమ్మాయి బిందెల ఫోటో తీసింది, అంతే."

కరుణమ్మ మధ్యలో అందుకుంది. "అక్షరాలు నేర్పమని పంపాం మేడమ్. బాణాలు ఎయ్యమని పంపలా. మా పిల్ల దాహం మేం చూసుకుంటాం. ఇంతకాలం చూసుకోలా?"

"నువ్వుండే," అన్నాడు ఏలియా. తర్వాత కల్లం వైపు చూస్తూ, ఆమెకు ఈ ఊరి పద్ధతి చెప్పాడు. ఒకరి కల్లంలో పోసిన కాయ ఆరకముందే ఎత్తితే, ఆ ఇంటితో తెంచుకున్నట్టు లెక్క. తిట్టుకోనక్కర్లేదు, కొట్టుకోనక్కర్లేదు. పచ్చి కాయ ఎత్తితే చాలు, ఊరంతా అర్థం చేసుకుంటుంది.

"ఎత్తితే ఒకటి మేడమ్. ఎత్తకపోతే ఒకటి. కిందటి ఎలక్షన్లప్పుడు అవతలి ఊళ్ళో కల్లాలు ఎట్టా తగలబడ్డయ్యో తెలుసు గదా. ఎవురు పెట్టారంటే ఎవురికీ తెలీదు. ఎండిన మిరపకాయ మండితే మనిషి దగ్గరికి కూడా పోలేడు, ఆర్పటానికి."

ఎత్తొద్దని ఆమె అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని తగలబడితే తనదే పాపం అనిపించి మింగేసింది. ఏలియా కాయను తిరగేయడం మానేశాడు.

తెల్లారి బడి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. విద్యాధికారి రాలేదు, ఇంకో ఊళ్ళో ఆలస్యమైందని కబురు. ముందు వరసలో జయకృష్ణ తెల్ల చొక్కాలో కూర్చున్నాడు. లహరి తల్లి చందన పక్కనే. వెనక వరసల్లో ఊరివాళ్ళు, ఇంకా వెనక పేటవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అట్లా కూర్చున్నారు. పేటవాళ్ళలో కరుణమ్మ లేదు, ఏలియా లేడు.

రత్నకుమారి పొద్దున్నే మానసను పక్కకు పిలిచి, నీళ్ళ గుంపు స్లైడులు తానే చదువుతానంది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఇంట్లో గోడకు చెప్పి చెప్పి నేర్చుకున్నానంది. పోనీ బిందెల వాక్యం ఒక్కటైనా చదువుతానంది. అదీ వద్దంటే మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం రత్నకుమారికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. స్లైడు తీయొద్దని ఒకడంటే తీయలేకపోయింది. చదవనీయొద్దని ఎవరూ అనకముందే పిల్ల నోరు మూసేసింది.

పంటల గుంపు అయింది, పండగల గుంపు అయింది. ప్రతి స్లైడుకూ మజీదు టీవీలో చప్పట్ల శబ్దం పెట్టాడు. టీవీ కొడుతుంటే మనుషులు ఊరుకున్నారు. జయకృష్ణ చేతులు కలిపినప్పుడే కలిపారు. నీళ్ళ గుంపు మొదలైంది. బావి, చెరువు, సాగర్ కాలవ. నాలుగో స్లైడు దాకా రత్నకుమారి గొంతు బాగానే పలికింది. ఐదోది తెర మీదికి వచ్చింది. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు.

షామియానా కింద పేటవాళ్ళు తెరను చూడలేదు, నేలను చూశారు.

లహరి లేచింది. "మేడమ్, ఆ ఫోటో నాది గదా. నేను సదువుతా."

ఎవరూ వద్దనలేకపోయారు. ఎట్లా అంటారు, చైర్మన్ కూతురు. ఆ పిల్ల టీవీ పక్కన నిలబడి, ముందు తన వాక్యం గట్టిగా చదివింది. తర్వాత మానస అలిగిందని దాని వాక్యం కూడా చదివింది, ఇంకా గట్టిగా. పేటకు నీళ్ళు రావు అనే మాట జయకృష్ణ ఇంటి గొంతుతో ఊరు మొదటిసారి విన్నది. చందన కూతుర్ని కూర్చోమని చెయ్యి ఊపింది. పిల్ల చూడలేదు.

"నాన్నా, వచ్చి బాణం నొక్కు," అంది లహరి.

జయకృష్ణ లేచాడు. తీరిగ్గా టీవీ దగ్గరికి వచ్చి బాణం మీద వేలు పెట్టాడు. బాణం ట్యాంకు దగ్గర పుట్టింది, ఊరి వెనక నుంచి పాకింది, తోటలో తల దూర్చింది. ఆయన దాన్ని చివరిదాకా చూశాడు. జనం వైపు తిరిగి, నవ్వి, చప్పట్లు కొట్టాడు. అప్పుడు అందరూ కొట్టారు. పేటవాళ్ళు అందరికన్నా ఎక్కువ కొట్టారు.

ఇంతేనా, ఇంతటితో పోయిందా అనుకుంది రత్నకుమారి.

టీ ఇస్తున్నప్పుడు ఆయనే ఆమె దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితపు గ్లాసు.

"బాగా చేయించారు మేడమ్. ఫోటో నా బిడ్డే తీసింది. దాన్నేమంటాం. రాత్రి అడిగితే అన్నీ చెప్పింది. నేనే పొరపాటు పడ్డానని, ఎనకాల ఎవురూ లేరని అనుకున్నా. అనుకుని పడుకున్నా."

ఒక గుక్క టీ తాగాడు.

"పొద్దున్నే లేస్తే, ఏలియా నా కల్లంలో కాయ ఎత్తుతున్నాడన్నారు. పచ్చి కాయ. మొగుడూ పెళ్ళాం తట్టలతో మోస్తన్నారంట చర్చి గచ్చు మీదికి. మేడమ్, పచ్చి కాయ ఎవుడు ఎత్తుతాడు? భయపడ్డోడు. ఏమీ చెయ్యనోడు ఎందుకు భయపడతాడు?"

"ఆయనేమీ చెయ్యలేదండి. ఎత్తుకోమని నేనే చెప్పాను."

అనేసింది. ఆయన ఆమెను కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. లేకపోవడమే బాగాలేదు.

"మీరా. ఎందుకు చెప్పారు? మీ కంటికి నేను కల్లం తగలబెట్టేవోడిలా ఉన్నానా?"

ఆమె చూపు కల్లం ఉన్న వైపు పోయింది.

"ఆ మాట నేనన్లేదు మేడమ్. మీకే తోచింది." గ్లాసు నలిపి పక్కన పడేశాడు. "పాపం ఎన్ని తట్టలని మోస్తాడు నెత్తిన. మా ట్రాక్టరు పంపించా. ఎక్కడికంటే అక్కడికి దించి వస్తది."

రత్నకుమారి చెప్పులు ఎక్కడున్నాయో కూడా చూసుకోకుండా బయటికి నడిచింది. మానస ఆమె వెనకే పరిగెత్తింది.

కల్లంలో ట్రాక్టరు నిలబడి ఉంది. వెనక తగిలించిన ట్రక్కులో కాయ దాదాపు మొత్తం ఎక్కించేశారు. ఎక్కించింది ఏలియా కాదు, జయకృష్ణ పాలేర్లు. ఏలియా పక్కన నిలబడి చూస్తున్నాడు, తన కాయకు తనే పరాయివాడిలాగా. కరుణమ్మ ఖాళీ తట్ట నడుమున పెట్టుకుని ఉంది. ట్రాక్టరు నడిపే సుధీర్ బాబు పేట కుర్రాడే, ఏలియాకు అన్న కొడుకు వరస.

"యాడ దించమంటావు బాబాయ్?" అన్నాడు సుధీర్ బాబు. వాడి గొంతులో వెటకారం లేదు. ఏడుపు లాంటిది ఉంది.

చర్చి అని ఏలియా అనలేదు. అప్పటికే చర్చి గేటుకు సంఘం పెద్దలు తాళం వేశారు. పొద్దున దించిన రెండు మూడు తట్టల కాయ కూడా గోడ బయటికి తెచ్చి పోశారు. జయకృష్ణ ట్రాక్టరు జయకృష్ణ కల్లం నుంచి కాయ తెచ్చి ఎవరి గుమ్మం ముందు దించితే, ఆ గుమ్మం పేరు ఈ సాయంత్రానికి ఆయన దగ్గర ఉంటుంది. ఏలియా పేట ఇళ్ళ వైపు చూశాడు. చూసినచోటల్లా తలుపులు మూసుకున్నాయి. వాళ్ళను తిట్టి లాభం లేదు. వాళ్ళ కాయ కూడా ఈ కల్లంలోనే ఉంది.

"చెప్పు బాబాయ్. జయకృష్ణన్న ఫోన్ల మీద ఫోన్లు చేస్తన్నాడు."

ఏలియా ఎవరి పేరూ చెప్పలేకపోయాడు. బంధువు పేరు లేదు, స్నేహితుడి పేరు లేదు. ఊళ్ళో నుంచి మనిషిని పంపడానికి కర్రలూ కత్తులూ అక్కర్లేదు. ఎక్కడ దించమంటావని మర్యాదగా అడిగితే చాలు.

"బడిలో," అంది రత్నకుమారి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"బడి ముందు నేల ఉంది. గచ్చు కూడా. ఆరేదాకా అక్కడ ఉంటుంది. పద."

సుధీర్ బాబు ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. బడిలోనంట అన్నా అన్నాడు. అవతల చెప్పింది విని, ఫోను ఆమె ముందుకు చాచాడు. "మీ నోటితోనే ఇంటాడంట మేడమ్."

"బడిలో దించమని నేనే చెప్పాను," అంది ఆమె ఫోనులోకి.

"సరే మేడమ్," అంది ఫోను. అంతే.

ట్రాక్టరు కదిలింది. మానస ఎగిరి ట్రక్కు అంచు మీద కూర్చుంది. ఏలియా టీచరు పక్కన నడుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మీరు సాయంత్రం బస్సెక్కి గురజాల పోతారు మేడమ్. బదిలీ కావాలంటే బదిలీ వస్తది. మేం యాడికి పోతాం?"

దానికి ఆమె జవాబేదీ కల్పించి చెప్పలేదు. అంతవరకూ ఆమెను మెచ్చుకోవచ్చు.

బడి ముందు షామియానా ఇంకా విప్పలేదు. అమర్నాథ్ గారు ట్రాక్టరును చూసి గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. తల్లిదండ్రులు ఇళ్ళకు పోతూ పోతూ ఆగి, దూరంగా నిలబడ్డారు. కాయ దించేశారు. పెద్దవాళ్ళు ఒక్కరు ముందుకు రాలేదు, పిల్లలు వచ్చారు. వాళ్ళకు ఎవరూ వద్దని చెప్పలేదింకా. మజీదు చెప్పులు విప్పి కాయ మధ్యలోకి దిగి, తెర మీద గీసినంత శ్రద్ధగా కాళ్ళతో బాటలు తీయడం మొదలుపెట్టాడు. మానస అలక మర్చిపోయింది. లహరి గౌను పైకి దోపుకుని వాళ్ళ పక్కనే. తుమ్ములు, నవ్వులు. కళ్ళు మండి ఏడుస్తూ కూడా నవ్వారు. ఏలియా ఒక మూల నుంచి మొదలుపెట్టి వాళ్ళ వైపు వస్తున్నాడు.

జయకృష్ణ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లహరీ, రా. పోదాం."

"ఉండు నాన్నా. అయిపోవచ్చింది."

ఆరబోసిన కాయ చుట్టూ తిరిగి వచ్చే దారి ఉంది, గోడ పక్కన. ఆయన అటు రాలేదు. పంట మీద కాలు పెట్టాల్సి వస్తే ఈ ప్రాంతంలో ఎంతవాడైనా చెప్పులు విప్పుతాడు. జయకృష్ణ విప్పలేదు. బూట్లతోనే నేరుగా కాయ మీదికి నడిచాడు. పచ్చి కాయ ఆయన కాళ్ళ కింద మెత్తగా చితికింది. గింజలు బయటికొచ్చి బూట్లకు అంటుకున్నాయి. పిల్లల తుమ్ములు ఆగిపోయాయి. దూరంగా ఉన్నవాళ్ళలో ఒక్కడు కూడా, అదేంది అనలేదు.

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఏలియా భుజం మీద ఇంకో చెయ్యి వేశాడు, తమ్ముడి భుజం మీద వేసినట్టు.

"ఆరనీ ఏలియా. నిదానంగా ఆరనీ. బాగా ఎండాలి కాయ. నేను చూస్తంటా."

వచ్చిన దారినే, అదే అడుగుల మీద, పిల్లని లాక్కుంటూ వెనక్కి పోయాడు. లహరి వెనక్కి తిరిగి మానస వైపు చూస్తూ నడిచింది. దాని ఒట్టి కాళ్ళు కాయ మీద జారుతున్నాయి.

గేటు మూసుకుంది. ఏలియా వంగి, బూటు పడిన ఒక్కో చోటా చితికిన కాయను ఏరి, తువ్వాల్లో వేసుకోవడం మొదలుపెట్టాడు. మానస తండ్రి పక్కన కూర్చుని తానూ ఏరింది. ఇవి యార్డులో తీసుకోరా నాన్నా అని అడిగింది. తీసుకోరు అన్నాడు ఏలియా. మిగతావి తీసుకుంటారా అని అడిగింది.

ఏలియా గేటు వైపు చూసి, మళ్ళీ ఏరుకోసాగాడు.